నొప్పేమన్న ఉన్నదా

చిన్ను ఎడమ చేతి ఉన్ని మిట్టెన్ ఎక్కడ పడిపోయిందో, రెండో బస్సు ఎక్కేటప్పుడు ఉంది, స్ట్రోలర్ చక్రం ర్యాంపు అంచున ఇరుక్కుంటే ఎవరో ముసలాయన వంగి పట్టుకున్నాడు, అప్పుడూ ఉంది, అంటే గ్రౌండ్ గేటు దగ్గర్నుంచి ఇక్కడికి వచ్చే దారిలోనే ఎక్కడో పడి ఉంటుంది, ఇప్పుడు వెనక్కి వెళ్ళి వెతికితే ఆట మొదలైపోతుంది, వెతక్కపోతే చిన్ను చెయ్యి కొయ్యబారిపోతుంది, అక్టోబర్ చివర కెనడాలో ఈ స్కార్‌బరో గాలి సరస్సు మీంచి తిన్నగా వచ్చి ఎముకల్లో దూరుతుంది, పదిహేడు నెలల పిల్లని ఇంత చలిలో బయటికి తెచ్చే తల్లి ఎక్కడైనా ఉంటుందా అని అమ్మ చూస్తే అనేది, చూడకుండానే అంది, పొద్దున అనంతపురం నుంచి ఫోన్ చేసి యాడికి పోతాండావు పాపా అని అడిగింది, యాడికీ లేదమ్మా, బిడ్డని కొంచెం గాలికి తిప్పుకొస్తా అని వాసంతి అబద్ధం ఆడింది, అది ఎంత సులువుగా నోటికి వచ్చిందో చూసుకుని తనే ఉలిక్కిపడింది, ఇప్పుడు చిన్ను వేళ్ళు ఐదూ గుప్పిట్లో పెట్టుకుని ఊదుతోంది, ఊదిన సేపు వెచ్చగా ఉంటాయి, ఆపగానే మళ్ళీ చల్లబడతాయి, బ్యాగులో డైపర్ల కింద ఇంకో జత ఏమైనా ఉందేమోనని తడిమితే చేతికి తగిలింది మిట్టెన్ కాదు, గ్లవ్స్, తన ఫుట్‌బాల్ గోల్‌కీపర్ గ్లవ్స్, నిన్న సాయంత్రం క్లోజెట్ పైఅర లోంచి తీసి బ్యాగులో ఎందుకు పెట్టిందో తనకే తెలియదు, అరచేతుల రబ్బరు ఎండి పగుళ్ళు వేసింది, ఒకటి తీసి చిన్ను ఎడమ చేతికి తొడిగితే మోచేతి దాకా వచ్చింది, పిల్ల ఆ పెద్ద చేతిని ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసుకుంది, నవ్వలేదు, ఏమీ అనలేదు, పదిహేడు నెలలకి ఏదో ఒకటి అనాలి, ఎదురింటి స్వీటీ వాళ్ళ బాబు పదిహేను నెలలకే బస్ అన్నాడు, మిల్క్ అన్నాడు, చిన్నుకి ఉన్నవి రెండే మాటలు, అమ్మ ఒకటి, వద్దు ఒకటి.

గోల్ పోస్ట్ వెనక, కంచెకి ఇవతల, బల్లల వరసలో ఆఖరిది ఎంచుకుని కూర్చుంది, జనం అంతా మధ్యలో కూర్చున్నారు, అక్కడైతే ఆట బాగా కనిపిస్తుంది, కానీ తనకి ఆట ఎప్పుడూ ఈ వైపు నుంచే తెలుసు, వల వెనక నుంచి, పన్నెండేళ్ళప్పుడు అనంతపురం స్కూల్ గ్రౌండ్‌లో సుబ్బరాజు సార్ ఏమ్మే పొడుగ్గా ఉండావు, పోయి ఆ రెండు రాళ్ళ మధ్య నిలబడు అన్నప్పటి నుంచి ఇదే చోటు, రాళ్ళు పోయి కర్రలొచ్చాయి, కర్రలు పోయి ఇనుప పోస్టులొచ్చాయి, ఎర్రమట్టి పోయి ఈ ఆకుపచ్చ ప్లాస్టిక్ గడ్డి వచ్చింది, చోటు మారలేదు, ఈరోజు ఆ చోట్లో ఎవరో కొత్త పిల్ల నిలబడి ఉంది, తన కాలేజీ నారింజ జెర్సీల జట్టుకి కీపర్, పంతొమ్మిదేళ్ళుంటాయేమో, జుట్టు రెండు జడలు, పోస్టులని అరచేత్తో ఒకసారి ఇటు ఒకసారి అటు తట్టింది, తనూ అలాగే తట్టేది, అవతల ఆకుపచ్చ జెర్సీలు, అదే కాలేజీ, అదే సెమీఫైనల్, రెండేళ్ళ తర్వాత మళ్ళీ ఇవే రెండు జట్లు ఎదురుపడ్డాయి, ఆ సంగతి ఫోన్‌లో చూసిన రోజు నుంచి నిద్ర లేదు, భర్త తారక్ వాన్ అనే ఊళ్ళో వేర్‌హౌస్ షిఫ్ట్‌కి పోతూ బూట్లు కట్టుకుంటూ అన్నాడు, పిల్లనేసుకుని రెండు బస్సులు మారి వెళ్ళి చూడాలా ఏంటి, వాళ్ళు గెలిస్తే నీకేం వస్తుంది చెప్పు అని, వెటకారంగా కాదు, నిజంగానే తెలియక అడిగాడు, ఏం వస్తుందో చెబితే పిచ్చిది అనుకుంటాడు, లాప్‌టాప్‌లో రీఅడ్మిషన్ ఫామ్ నింపి ఉంది, సోమవారం ఆఖరు, పేరు, పుట్టిన తేదీ, పాత స్టూడెంట్ నంబర్ అన్నీ రాసింది, చదువు ఎందుకు మానేశారు అన్న ఒక్క డబ్బా ఖాళీగా ఉంది, ఆ డబ్బా ముందు మూడు రోజులు కూర్చుని ఆఖరికి తనలో తనే ఒప్పందం చేసుకుంది, ఈ ఆట గెలిస్తే ఆ రోజుది చెల్లిపోయినట్టు, గెలిస్తే ఫామ్ పంపుతుంది, గెలిస్తే అప్పటి కెప్టెన్ నిఖిలకి ఫోన్ చేసి రెండేళ్ళుగా చెప్పనిది చెబుతుంది, ఓడితే రెండూ లేవు, ఓడితే ఇక ఎప్పటికీ లేవు.

విజిల్ ఊదారు, చిన్ను విజిల్ వైపు చూసింది, అంటే చెవులు బాగానే వినిపిస్తున్నాయి, డాక్టర్ అదే అన్నాడు, వినికిడి బాగుంది, కంగారు పడకండి, కొందరు పిల్లలు ఆలస్యంగా మాట్లాడతారు అన్నాడు, కానీ ఆయనకి ఆ బంతి సంగతి తెలియదు, ఎవరికీ తెలియదు, రెండేళ్ళ కిందటి ఆ సెమీఫైనల్ రోజుకి తనకి రెండో నెల, సరిగ్గా ఎనిమిది వారాలు, తారక్‌తో పెళ్ళయి నాలుగు నెలలు, పరీక్ష పుల్ల మీద రెండు గీతలు చూసి మొదట అమ్మకే ఫోన్ చేసింది, అమ్మ సంతోషంతో ఏడ్చి, ముక్కు చీదుకుని, వెంటనే గొంతు తగ్గించి, ఎవురికీ చెప్పాకు పాపా, మూడో నెల దాటేదాంక నోరు మెదపాకు, మీ చిన్నమ్మ ముందుగా చెప్పుకునే కదా పోగొట్టుకునె, దిష్టి తగులుతాది అంది, అమ్మా, నాకు మ్యాచ్ ఉంది, ఆడనంటే ఎందుకని అడుగుతారు అంటే, కడుపు నొప్పి అని చెప్పు, కాలు నొప్పి అని చెప్పు, ఏమన్నా చెప్పు, ఇది మాత్రం చెప్పాకు అంది, కాలు నొప్పి అని చెబితే కోచ్ ఫిజియో దగ్గరికి పంపుతుంది, ఫిజియో కాలు పట్టుకుని చూసి ఏం లేదంటుంది, అప్పుడు భయపడి తప్పుకుంది అంటారు, సెమీఫైనల్ ముందర భయపడింది అంటారు, ఆ మాట పడటం కంటే ఆడటమే నయం అనిపించింది, ఎనిమిది వారాలకి లోపల ఉన్నది చిక్కుడు గింజంత అని ఇంటర్నెట్‌లో ఉంది, పరిగెత్తొచ్చు, ఈదొచ్చు, అన్నీ చేయొచ్చు అని ఉంది, కాళ్ళ కింద పడొచ్చా అని మాత్రం ఎక్కడా రాసి లేదు.

ప్రతి మ్యాచ్ ముందూ నిఖిల ఒక పని చేసేది, కెప్టెన్ అయిన రోజు నుంచీ చేసేది, బట్టలు మార్చుకునే గదిలో బెంచీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కళ్ళ దగ్గరికీ జరుగుతూ వచ్చేది, చీలమండకి టేప్ కావాలంటే చీలమండకి, మణికట్టుకి కావాలంటే మణికట్టుకి తనే చుట్టేది, చుట్టి, పళ్ళతో టేప్ కొరికి తెంపి, తలెత్తి ఒకే మాట అడిగేది, కెనడా పిల్లలని ఇంగ్లీషులో అడిగేది, తనని మాత్రం కరీంనగర్ యాసలో, నొప్పేమన్న ఉన్నదా అని, ఎవరైనా ఉందంటే కోచ్‌కి తనే వెళ్ళి చెప్పేది, తిట్టేది కాదు, ఎందుకు ఏమిటి అని గుచ్చి గుచ్చి అడిగేది కాదు, ఇంకొకరిని పెట్టేవాళ్ళు అంతే, తనని అడిగినప్పుడు వాసంతి ఎప్పుడూ నువ్వు చుట్టే టేప్‌కే నొప్పి తల్లీ, రక్తం ఆగిపోయింది అనేది, ఇద్దరూ నవ్వేవాళ్ళు, ఈ గ్లవ్స్ కూడా నిఖిల కొనిచ్చినవే, పుట్టినరోజుకి, గోడకి రంగేస్తున్న అని చెప్పి ఇచ్చింది, వాసు వెనక ఉంటే మాకు గోడ ఉన్నట్టే అని అందరితో అనేది.

అవతలి వైపు గోల్ దగ్గర కేకలు, ఏమైందో ఇక్కడ్నుంచి సరిగ్గా కనిపించలేదు, నారింజ జెర్సీలన్నీ ఒక కుప్పగా ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతున్నాయి, అంటే గోల్, మనవాళ్ళే కొట్టారు, ఒకటి సున్నా, వాసంతి చిన్నుని పట్టుకుని చూడు చూడు అంది, చిన్ను గ్లవ్ వేలిని చప్పరిస్తోంది, ఛీ అది మురికి అని నోట్లోంచి లాగింది, రెండేళ్ళ కిందటి చెమట, రబ్బరు, ఏ క్రిములున్నాయో, మళ్ళీ జ్వరం వస్తే తారక్ ఏమీ అనడు, అమ్మ మాత్రం అంటుంది, బిడ్డకి దగ్గొచ్చినా విరేచనమైనా ఒకటే మాట, బిడ్డని కడుపులో పెట్టుకోని ఆట్లాడితివి, నేను చెప్పాకంటే నోరు మూసుకోమంటిని గానీ పోయి ఆడమంటినా అని, నిజమే, అమ్మ ఆడమనలేదు, ఎవరూ ఆడమనలేదు, ఆ రోజు మొదటి సగంలో ఫ్రీకిక్ ఒకటి గోడలా నిలబడ్డవాళ్ళ సందులోంచి దూసుకొచ్చి తన పక్కటెముకల కింద, సరిగ్గా మెత్తటి చోట తగిలింది, బంతిని పొట్టకి అదుముకునే పట్టుకుంది, అలా పట్టుకోవడమే పద్ధతి, అందరూ చప్పట్లు కొట్టారు, వాసూ వాసూ అన్నారు, తనకి మాత్రం చెవుల్లో హోరు, హాఫ్ టైమ్‌లో బాత్రూమ్‌కి పరిగెత్తి తలుపు వేసుకుని చూసుకుంది, రక్తం లేదు, టిష్యూతో తుడిచి మళ్ళీ చూసుకుంది, లేదు, బయటికొస్తే తలుపు ముందు నిఖిల, ఏందే, ముఖం గట్లున్నది అని, ఏం లేదు అంది తను, చేతులు కడుక్కుంటూ అద్దంలోకి చూడకుండా అంది, నిఖిల కాసేపు అక్కడే నిలబడింది, ఇంకేదైనా చెబుతుందేమోనని నిలబడింది, తర్వాత సరే పా అని వీపు మీద ఒకటి చరిచి వెళ్ళిపోయింది.

ఇక ఆ తర్వాతది మనసులో ఎన్నిసార్లు చూసిందో లెక్క లేదు, చిన్నుకి పాలిస్తూ చూసింది, గిన్నెలు తోముతూ చూసింది, ద్రాక్షపళ్ళు గొంతుకి అడ్డం పడకుండా నాలుగు ముక్కలు కోస్తూ చూసింది, సున్నా సున్నా, ఇంకా పది నిమిషాలుందనగా ఆకుపచ్చ తొమ్మిదో నంబరు పిల్ల ఒక్కతే బంతితో వస్తోంది, మధ్యలో ఎవరూ లేరు, సుబ్బరాజు సార్ మాట వంద సార్లు విన్నది, వెయ్యి సార్లు చేసింది, ఒక్కతే వస్తాంటే నిలబడగాకు, పోయి దాని కాళ్ళ కాడ పడు, చేతులు ముందు, తల వెనక, చేతులు ముడిస్తే గోల్ పడినట్టే, వాసంతి ముందుకు పరిగెత్తింది, సరిగ్గానే పరిగెత్తింది, వంగింది, ఆ పిల్ల బూటు లేచింది, బూటు కింద ఆ ప్లాస్టిక్ మేకులు ఆరూ విడివిడిగా కనిపించాయి, అప్పుడు చేతులు ముందుకి పోలేదు, రెండు చేతులూ వెనక్కి వచ్చి పొట్ట చుట్టూ ముడుచుకున్నాయి, తను ముడవలేదు, అవే ముడుచుకున్నాయి, పక్కకి తిరిగి మోకాళ్ళ మీద కూలబడింది, బంతి తనని దాటి మెల్లగా, ఎంత మెల్లగా అంటే చిన్ను నెడితే పోయేంత మెల్లగా గీత దాటింది, ఎవరూ తిట్టలేదు, అదే ఘోరం, వెనక్కి తిరిగి ఒక్కసారి చూశారు అంతే, నిఖిలకి అది ఆఖరి సీజన్, ఫైనల్ చూడటానికి బర్నబీలో కొండ మీది యూనివర్సిటీ నుంచి కోచ్ ఒకావిడ వస్తానంది, నీ ఆట నచ్చితే తీసుకుంటాను అని మెయిల్ రాసింది, ఆ మెయిల్ నిఖిల ఫోన్‌లో తనే ముందు చదివి ఇద్దరూ మంచం మీద ఎగిరారు, ఫైనలే లేకుండా పోయింది, ఆవిడ రాలేదు, నిఖిల ఇప్పుడు మార్ఖమ్ రోడ్డులో బ్యాంక్ కౌంటర్‌లో కూర్చుంటుందని ఎవరో చెప్పారు, తను ఆ సోమవారం క్లాసుకి పోలేదు, తర్వాతి సోమవారం వాంతులని పోలేదు, ఆ తర్వాత జనవరి సెమిస్టర్‌కి తర్వాత చూద్దాంలే అనుకుంది, తారక్‌కి పీఆర్ ఉండబట్టి దేశంలో ఉండటానికి ఇబ్బంది రాలేదు, పోయింది చదువొక్కటే, మూడో నెల దాటేసరికి చెప్పడానికి తన ఎదురుగా ఎవరూ మిగల్లేదు.

హాఫ్ టైమ్, కాఫీ వాసన, ఎవరో వచ్చి బల్ల చివర కూర్చున్నారు, వాసంతి చూడకుండానే స్ట్రోలర్‌ని తన వైపు లాక్కుంది, దారికి అడ్డమేమో సారీ అంది, అడ్డం లేదు తియ్యి అన్నారు, తెలుగులో, ఆ గొంతు విని తలెత్తింది, నిఖిల, జుట్టు కత్తిరించుకుంది, బ్యాంక్ వాళ్ళ నల్ల కోటు, చేతిలో రెండు కాఫీ కప్పులు, ఒకటి ఇటు చాపింది, రెండు చక్కెరలు ఏసిన, ఇంక గట్లనే తాగుతున్నవా అంది, నిన్ను మొదలు చూసినప్పుడు నువ్వు గాదనుకున్న, గోల్ ఎనక గూసున్నవని గుర్తువట్టిన అంది, వాసంతి బాగున్నావా అని అడిగింది, ఆఁ, పొద్దుగూకేదాక మందికి నవ్వుకుంట నమస్తే చెప్పుడే పని అని నిఖిల నవ్వింది, నవ్వి చిన్ను వైపు వంగింది, ఏందమ్మా, మీ అమ్మ గ్లవ్స్ గుంజుకున్నవా, నేను కొనిచ్చినవి తెల్సా అవి, చిన్ను ఆ పెద్ద చెయ్యిని వెనక్కి దాచి వద్దు అంది, నిఖిల పగలబడి నవ్వింది, అచ్చం మీ అమ్మే, ఏదిచ్చినా వద్దంటది, ఎన్ని నెలలు పాపకి అంది, పదిహేడు, నెలలు నిండకముందే పుట్టిందా అంది, లేదు, మే నెల చివర, టైముకే పుట్టింది అని వాసంతి కాఫీ కప్పు మూతని చూస్తూ చెప్పింది, మే చివర అని నిఖిల అంది, కోటు జేబు మీద ఆమె వేళ్ళు ఒకటి ఒకటిగా కదలడం వాసంతి చూసింది, మే, ఏప్రిల్, మార్చి అంటూ వెనక్కి, తెలుగింటి ఆడపిల్లకి ఎవరూ నేర్పకుండా వచ్చే లెక్క అది, వేళ్ళు ఒక చోట ఆగాయి, గప్పుడు నీకు రెండో నెల, అంది, అడగలేదు, అంది.

వాసంతి తల ఊపింది, గ్రౌండ్‌లో ఎవరో చిన్నపిల్లలు ఖాళీ గోల్‌లోకి బంతి తన్నుకుంటున్నారు, అమ్మ చెప్పొద్దంది, మూడో నెల దాకా ఎవరికీ చెప్పొద్దంది అని వాసంతి అంటుంటే ఆ మాట తన చెవులకే ఎంత చిన్నగా ఉందో, రెండేళ్ళు కొండంత అనుకున్నది నోట్లోంచి బయటికొస్తే ఇంతేనా అనిపించింది, మా అక్కకు గూడ గట్లనే చెప్పిండ్రు, నాకు తెల్వదా అది అని నిఖిల అంది, గొంతు పెంచలేదు, అందరు నువ్వు దానికి భయపడ్డవన్నరు, ఆ తొమ్మిదో నంబరుకి, బస్సుల తిరిగొచ్చేటప్పుడు అందరు అదే అన్నరు, నేను కొట్లాడిన, కాలు జారింది, నేను కండ్లార చూసిన అని కోచ్‌కి గూడ చెప్పిన, అబద్ధమని నాకు తెల్సు, అయినా చెప్పిన, కాఫీ తాగలేదు, ఊరికే కప్పు పట్టుకుంది, నాకు చెప్తే ఏమవుతుండె వాసూ, ఎందుకని గూడ అడగకపోదును, రెండో కీపర్ ఉండె కదా, బెంచి మీద గూసోనే ఉండె కదా ఆ పిల్ల, నేనేమన్న ఊరంత డప్పు కొడ్తుంటినా, వాసంతి నీకు బర్నబీ పోయింది నా వల్లే కదా అని ఏదో అనబోయింది, బర్నబీ గురించి ఎవలడిగిన్రు అని నిఖిల లేచింది, పాప తల మీద టోపీ సరిచేసింది, చెవులకి గాలి పోతున్నది చూస్కో అని చెప్పి వరసలు దిగి జనంలోకి వెళ్ళి కూర్చుంది, ఇటు చూస్తుందేమోనని వాసంతి చాలాసేపు చూసింది, చూడలేదు.

రెండో సగం, జట్లు చోట్లు మారాయి, ఇప్పుడు ఎదురుగా ఉన్నది ఆకుపచ్చల కీపర్, రెండు జడల పిల్ల అటు చివరికి వెళ్ళిపోయింది, వాసంతి స్ట్రోలర్ తోసుకుంటూ గ్రౌండ్ చుట్టూ తిరిగి అవతలి గోల్ వెనక్కి వెళ్ళి నిలబడింది, ఎందుకు వెళ్తోందో ఆలోచించలేదు, కాళ్ళు తీసుకెళ్ళాయి, అక్కడ బల్లలు లేవు, కంచె పట్టుకుని నిలబడాలి, చిన్ను స్ట్రోలర్‌లో ఉండనని ఏడిస్తే ఎత్తుకుంది, సరే, నిఖిలకి చెప్పేయడం అయిపోయింది, ఆట గెలవకముందే అయిపోయింది, అయినా ఏమీ తేలిక కాలేదు, బహుశా గెలిచాక అవుతుందేమో, ఒకటి సున్నా, ఇరవై నిమిషాలు, పదిహేను, గెలవాలి, దేవుడా గెలవాలి, ఒప్పందం ఒప్పందమే, ఆకుపచ్చలు మొత్తం ముందుకి వచ్చేశారు, రెండు సార్లు బంతి పోస్టుని రాసుకుంటూ పోయింది, చిన్ను చెయ్యి మళ్ళీ చల్లగా ఉంది, గ్లవ్ ఎప్పుడు జారిపోయిందో స్ట్రోలర్‌లో పడి ఉంది, ఏడు నిమిషాలు, ఐదు, అప్పుడు మధ్యలోంచి ఎవరో పొడుగ్గా కొట్టిన బంతి నారింజల తల మీదుగా పడింది, దాని వెనకే ఆకుపచ్చ పిల్ల ఒకతె, పదకొండో నంబరు, ఒక్కతే, మధ్యలో ఎవరూ లేరు, తన కళ్ళ ముందే, పదడుగుల దూరంలో, రెండు జడల పిల్ల గీత వదిలి ముందుకి పరిగెత్తింది, వాసంతి నోట్లో దూకొద్దు అన్న మాట వచ్చింది, దూకొద్దు, దూకొద్దు, చేతులు ముడుచుకో, ఆ పిల్లకి దెబ్బ తగులుతుందనే కదా అనుకోబోయింది, కాదని తెలిసిపోయింది, అనుకోవడం పూర్తి కాకముందే తెలిసిపోయింది, తను కోరుకుంటున్నది గోల్, ఆ పిల్ల కూడా ముడుచుకుపోవాలి, ఆ పిల్ల కూడా మోకాళ్ళ మీద కూలబడాలి, అందరూ వెనక్కి తిరిగి ఆ పిల్లని అలా చూడాలి, అప్పుడు తనొక్కతే కాదు, ఎవరైనా అంతే అవుతుంది, ఇన్ని రోజులు గెలవాలి గెలవాలి అని మొక్కుకుని ఇంత చలిలో పిల్లని తెచ్చి నిలబెట్టింది ఇందుకా, ఆ పిల్ల దూకింది.

చేతులు ముందు, తల వెనక, సార్ చెప్పినట్టే, బంతి చేతులకి తగిలి పక్కకి పోయింది, ఆ వెంటనే మోకాలు వచ్చి ఆ పిల్ల భుజానికి తగిలింది, ఆ చప్పుడు కంచె ఇవతలికి వినిపించింది, జనం లేచి అరుస్తున్నారు, చిన్ను కూడా అరుస్తోంది, అది అరుపు కాదు ఏడుపు, చూసుకుంటే వాసంతి చేతులు రెండూ పిల్ల చుట్టూ బిగుసుకుపోయి ఉన్నాయి, పిల్ల ముఖం తన కోటులో కూరుకుపోయి ఉంది, పక్కకి తిరిగి, నడుం వంచి నిలబడి ఉంది, అప్పటి లాగే, సరిగ్గా అప్పటి లాగే, అమ్మో అమ్మో ఊపిరాడిందా అని వదిలి చూసింది, చిన్ను గుక్కపట్టి ఏడ్చి ఊపిరి తీసుకుంది, ఏం లేదు ఏం లేదు అని వీపు నిమిరింది, ఈ చేతులు ఇంతే, ఇంకో వంద సార్లు ఆ బూటు లేచినా ఇలాగే ముడుచుకుంటాయి, వీటిని ఇన్నాళ్ళు తిట్టుకుంది, వీటి కోసమా ఈ ఒప్పందం అంతా.

కంచెకి అవతల ఆ పిల్ల లేవలేదు, కోచ్, ఫిజియో పరిగెత్తుకొచ్చారు, కోచ్ మోకాళ్ళ మీద కూర్చుంది, ఎక్కడ నొప్పి అని అడిగింది, ఇంగ్లీషులో, నెమ్మదిగా, అంత దగ్గరగా ఉండబట్టి వాసంతికి ప్రతి మాటా వినిపించింది, ఇక్కడ, చాలా నొప్పిగా ఉంది, చెయ్యి ఎత్తలేకపోతున్నా అని ఆ పిల్ల చెప్పింది, సిగ్గుపడకుండా, ముక్కు కారుతుంటే తుడుచుకోకుండా, అందరి ముందూ చెప్పింది, కోచ్ సరే అని బెంచీ వైపు చెయ్యి ఊపింది, రెండో కీపర్ లేచి కోటు విప్పుకుంటూ వచ్చింది, సన్నటి పిల్ల, గ్లవ్స్ సరిచేసుకుంటూ వచ్చి పోస్టులు తట్టుకుని నిలబడింది, అంతే, ఒకళ్ళు పోయారు, ఇంకొకళ్ళు వచ్చారు, ఆకాశం విరిగి పడలేదు, ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు, మిగిలిన నిమిషాల్లో ఒకే ఒక్క బంతి వస్తే ఆ సన్నటి పిల్ల దాన్ని మామూలుగా పట్టుకుని దూరంగా తన్నింది, విజిల్ ఊదారు, నారింజలు గెలిచారు, కుప్పగా పడి కేకలు వేస్తున్నారు, జనంలో నిఖిల కూడా లేచి చప్పట్లు కొడుతోంది, రెండు చేతులూ తల మీదికెత్తి కొడుతోంది, ఇటు తిరగలేదు, గెలిచారు కదా అని వాసంతి తనకి తనే చెప్పుకుంది, ఇంకోసారి చెప్పుకుంది, లోపల ఎక్కడా ఏదీ కదల్లేదు, వాళ్ళు గెలిచారు, ఇది వాళ్ళ ఆట, వాళ్ళ భుజం, వాళ్ళ గెలుపు, ఫామ్ పంపితే పంపొచ్చు, మానేస్తే మానొచ్చు, దానికీ దీనికీ సంబంధం లేదు, తను ఓడిపోయింది ఆ బంతి గీత దాటినప్పుడు కాదు, దానికి రెండు గంటల ముందు, ఇంకా విజిల్ కూడా ఊదకముందు, బట్టలు మార్చుకునే గదిలో, బెంచీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, తన మణికట్టుకి టేప్ చుట్టి, పళ్ళతో తెంపి, తలెత్తి తన కళ్ళలోకి చూసి నిఖిల అడిగింది, నొప్పేమన్న ఉన్నదా అని, ఆ రోజు తను టేప్ గురించి హాస్యమాడలేదు, ఏం లేదు అంది, రెండు జట్లు మళ్ళీ ఎదురుపడొచ్చు, ఏటేటా ఎదురుపడొచ్చు, నిఖిల మాత్రం ఇంకెప్పుడూ తనని ఆ మాట అడగదు.